లచ్చి విన్న ఇంగ్లీషు

పోయిన నెల మా అన్న మల్లేశ్ జల్‌పల్లి నుంచి ఫోన్ చేశాడు. చివరి బర్రెను కూడా అమ్మేశానని, కొట్టం విప్పించి జాగా చదును చేయిస్తున్నానని, పాత సామాన్లు ఏమైనా కావాలంటే వచ్చి చూసుకొమ్మని చెప్పాడు. బర్రెల కొట్టంలో నాకు కావలసిన సామాను ఏముంటుంది? అయినా వెళ్ళాను. యాకుత్‌పురాలో రైలు పట్టాల పక్కనుండే మా అసలు కొట్టం ఎత్తేసి అన్న జల్‌పల్లికి మారినప్పుడు పగ్గాలు, గుంజలు, బక్కెట్లు ఉన్నవి ఉన్నట్టు లారీకెత్తుకుపోయాడు. వాటిలో మా బాపు కాలం నాటి తౌడు పెట్టె ఒకటి. నడుమెత్తు చెక్కపెట్టె, అడుగున ఎలుకలు కొరకకుండా రేకు. కూలీలు ఆ రేకు పీకేసరికి దాని కింద ఎండి పొడైపోయిన వేపాకుల మధ్య ఒక నోట్‌బుక్కు బయటపడింది. అట్ట మీద యాదమ్మ అని నా పేరు, నా చేతిరాత. లోపల పేజీల అంచులకు ఇప్పటికీ పెండ మరకలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తౌడు వాసన, దాని వెనక కొంచెం పొగ వాసన. ఎండలో నిలబడి ఉన్నదాన్ని ఉన్నట్టే తడిసిన నేల మీద కూర్చుండిపోయాను. వదిన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

ఆ నోట్‌బుక్కు నేను జీవితంలో ఒక్క రోజే వెతికాను, కానీ ఇల్లంతా తలకిందులు చేసి వెతికాను. ఆ సంగతి చెప్పాలంటే మా లచ్చి సంగతి చెప్పాలి, బాపు చెయ్యి సంగతి చెప్పాలి. మొత్తమ్మీద నేను ఇంగ్లీషు నేర్చుకున్న తీరు చెప్పాలి. ముప్పై ఏళ్ళకు పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని దేశం ఈ మూల నుంచి ఆ మూలకు మనుషుల్ని కలిపిన దాన్ని. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, నేను కాదనను. చెప్పుకోదగ్గ గొప్ప ఉన్నప్పుడు చెప్పుకోకపోవడం నాకు చేతకాదు.

మా ఇంట్లో మూడు బర్రెలుండేవి. పొద్దున నాలుగింటికి లేవాలి. ముందు దోమలు పోవడానికి కొట్టంలో పిడకల పొగ వేయడం, పెండ ఎత్తడం, కుడితి కలపడం, తర్వాత పాలు పిండడం. అన్న ఫ్యాక్టరీ మొదటి షిఫ్టుకు సద్ది కట్టుకుని చీకట్లోనే సైకిలెక్కేవాడు, కాబట్టి అతన్ని లెక్కలో వేసుకోవద్దు. చిన్న బర్రెలు రెండూ అమ్మవి. పెద్దది, లచ్చి, బాపుది. ఇంట్లో సగం కన్నా ఎక్కువ పాలు ఆమెవే, పొగరు కూడా ఆమెదే. అమ్మ ఆ వైపు బక్కెటతో పోతే చాలు, తల కూడా తిప్పకుండా వెనక కాలు లేపేది. తెల్లవారి ఫజర్ నమాజు అజాన్ వినబడేసరికి పాలు క్యాన్లలో పడాలి, మొదటి బండి స్టేషన్ దాటేసరికి గల్లీలో సగం ఇళ్ళకు చేరాలి. పొగ, పచ్చిపాల నురగ, తడిసిన గడ్డి, బాపు బీడీ, ఈ నాలుగూ కలిసిన వాసనే నాకు పొద్దు పొడవడం.

పాలవాళ్ళ ఇళ్ళలో పుట్టని వాళ్ళకు ఒక ముచ్చట తెలియదు. బర్రె పాలు పిండితే రావు, చేపితే వస్తాయి. అంటే అది తనంతట తాను మనసుపడి పాలు పొదుగులోకి వదలాలి. వదలకుండా బిగబట్టిందంటే ఎంతటి మొనగాడి వేళ్ళకైనా చుక్క రాలదు. దూడను విడిస్తే చేపడం ఉంది, తౌడు పెడితే చేపడం ఉంది. కానీ మా ఇంట్లో తరతరాలుగా అలవాటు గొంతుది. పిండే మనిషి ఒకే తీరు మాట, ఒకే వరసలో, హెచ్చుతగ్గుల్లేకుండా మాట్లాడుతూ పోవాలి. ఆ మాట బర్రెకు అలవాటవుతుంది, అలవాటయ్యాక మార్చకూడదు. అమ్మది వాళ్ళ ఊరి చుట్టాల పేర్ల వరస. బాపుది మేము పాలు పోసే ఇళ్ళ వరస. మూల మీది హకీం సాబు ఇల్లు మొదలుకొని రైల్వే క్వార్టర్ల చివరి ఇల్లు దాకా వరసగా చెబుతూ పిండేవాడు. ఆఖరి ఇల్లు వచ్చేసరికి బక్కెట నిండేది.

నేను ఇంటర్ పాసయ్యి ఎంప్లాయ్‌మెంట్ కార్డు చేయించుకున్న ఏడాదే ఎక్స్ఛేంజీ నుంచి పిలుపు వచ్చింది. మా గల్లీలో ఆడపిల్లకు సర్కారు కాగితం రావడం అదే మొదలు. బాపు ఇస్త్రీ బట్టలేసుకుని నన్ను బస్సులో మూసీ అవతలికి తీసుకుపోయాడు. రాత పరీక్ష బాగానే రాశాను, వ్యాకరణం నాకు కంఠతా వచ్చు. తర్వాత గొంతు పరీక్ష. ఒక గదిలో నేను, బల్ల మీద నల్ల ఫోను, పక్కనొక గుమాస్తా. ఇంకో గదిలోంచి ఆఫీసరు ఫోన్‌లో మాట్లాడతాడు, జవాబు చెప్పాలి. ఆయన మొదట హోల్డ్ ఆన్ అన్నాడు. హోల్డ్ అంటే పట్టుకోవడం అని నాకు తెలుసు కదా, రిసీవర్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి గో అహెడ్ అన్నాడు. గో అంటే పోవడం, అహెడ్ అంటే ముందుకు. రిసీవర్ చెవిన పెట్టుకునే నాలుగడుగులు ముందుకు నడిచాను. తీగ సాగింది, సాగింది, బల్ల మీది ఫోను ధడాలున కింద పడింది. గుమాస్తా పడీ పడీ నవ్వాడు. ఆఫీసరు తలుపు తీసుకుని వచ్చి చూసి ఆయనా నవ్వాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్న బాపుకు తెరిచిన తలుపులోంచి అంతా కనబడింది. బస్సులో చాంద్రాయణగుట్ట వైపు పోయే జనం మధ్య నిలబడి ఇంటికొచ్చేదాకా ఆయన కిటికీ బయటికే చూశాడు. నాకు సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది.

రైల్వే క్వార్టర్లలో ఎస్తేరమ్మ టీచరు ఉండేది. భర్త స్టేషన్‌లో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆమె పూర్వం ఎక్కడో మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి, మోకాళ్ళ నొప్పులతో మానేసి ఇంటిపట్టునే ఉండేది. పాలు పోయడానికి పోయిన నేను గుమ్మంలో క్యాను దించి ఏడుస్తుంటే, ఏమైందో విని, ఆమె మాత్రం నవ్వలేదు. అది నీ తప్పు కాదు, నీకు నేర్పినవాళ్ళ తప్పు అంది. ఇంగ్లీషువాడు పెద్ద మాటలు కాగితాల మీదే రాస్తాడు, నోటితో మాట్లాడేటప్పుడు ఈ చిన్న మాటలతోనే బతుకుతాడు, గెట్, పుట్, హోల్డ్, టర్న్ లాంటి పది మాటలు తీసుకుని వాటి వెనక అప్, ఆఫ్, ఆన్, అవుట్ తగిలించి లోకమంతా నడిపిస్తాడు అని చెప్పింది. తగిలించాక అర్థం మొత్తం మారిపోతుంది కాబట్టి ముక్కలుగా చూడకు, జంటగా పట్టుకో అంది.

"చూడు బిడ్డా, గివి పుస్తకం ముంగటేసుకుంటె రావు," అంది టీచరమ్మ. "పొద్దుగాల లేస్తవు గద, గది గెట్ అప్. బర్రెను గుంజకు కడ్తవు, గది టై అప్. బక్కెట నింపుతవు, ఫిల్ అప్. నీ పనికి ఒక్కొక్క మాట ముడెయ్యి, సచ్చినా మర్శిపోవు."

అలా మొదలైంది నా నోట్‌బుక్కు. రోజూ పాలు పోసే టైముకు ఆమె రెండు మూడు మాటలు చెప్పేది, నేను ఇంటికొచ్చి రాసుకునేదాన్ని, పక్కన తెలుగులో అర్థం. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకొనుట. పుట్ అప్ విత్ అంటే భరించుట. టర్న్ డౌన్ అంటే కాదనుట. రన్ అవుట్ ఆఫ్ అంటే నిండుకొనుట. కొన్ని మాటలు ఎంత చక్కగా కుదిరేవంటే, ఇంగ్లీషువాళ్ళు కూడా బర్రెలు కాచారా అని అనుమానం వచ్చేది. అన్నిటికన్నా చివర గెట్ త్రూ అని రాయించి, ఇది మీ ఎక్స్ఛేంజీ మాట, లైను అవతలి మనిషి దాకా చేరడం, ఏ కష్టాన్నయినా దాటి అవతలి ఒడ్డున పడటం కూడా ఇదే, దీన్ని ఎప్పుడూ ఆఖరికి చెప్పుకో అంది. అన్నీ కలిపి నూటికి పైనే అయ్యాయి.

అంతలో బాపు చెయ్యి పోయింది. ఈగ కుట్టిందో ఏమో, లచ్చి ఉన్నట్టుండి ఒరిగింది. గుంజకూ ఆమె పక్కటెముకలకూ మధ్య బాపు కుడి మణికట్టు నలిగిపోయింది. కట్టు కట్టేవాడు గుడ్డుసొన పూసి బద్దలు వేశాడు గానీ ఎముక వంకరగానే అతుక్కుంది. పిడికిలి బిగియదు. బీడీ అంటించుకోవడానికి కూడా ఎడమ చెయ్యే. పాలు పిండే మనిషికి పిడికిలి లేకపోతే ఏముంది? కొట్టం గోడకు ఆనుకుని కూర్చుని లచ్చిని చూస్తూ ఉండేవాడు. నేను మళ్ళీ పరీక్షకు పోతానని అడగడానికి అది అసలు సమయం కాదు, కానీ అడిగాను. వయసు దాటిపోతే వాళ్ళే రానివ్వరు కాబట్టి అడిగాను.

"ఇంకొక్కపారి పో," అన్నాడు బాపు, నా వైపు చూడకుండా. "గది గూడ గాకుంటె మల్ల అడగకు. లచ్చిని నువ్వే పట్టాలె ఇగ."

మల్ల అడగకు అన్న ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఫోను కింద పడ్డ రోజే బాపుకు నా మీద నమ్మకం పోయిందనుకున్నాను. ఆ కోపం చాలా ఏళ్ళు మోశాను.

లచ్చి నాకు అంత తేలిగ్గా లొంగలేదు. బాపు చెప్పే ఇళ్ళ వరస నా గొంతుతో చెబితే కాలు ఝాడించి బక్కెట తన్నేసింది. అమ్మ చుట్టాల పేర్లు చదివితే తోకతో మొహం మీద కొట్టింది. నాలుగో రోజు పొద్దున నాకు ఏడుపు, ఆకలి, దాని మీద టీచరమ్మ రాయించినవి ఒక్కటీ చదువుకోలేదన్న బెంగ. పిండినన్నాళ్ళూ చదువు లేదు, చదివితే పిండడం లేదు. సరే, ఎలాగూ చేపదు కదా అని, లచ్చి పొట్టకు నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని నా పాఠం నేను అందుకున్నాను. గెట్ అప్ లేచుట, గెట్ ఆన్ ఎక్కుట, గెట్ ఓవర్ తేరుకొనుట. పుట్‌తో మొదలయ్యే మాటల కుటుంబం సగంలో ఉండగా నా వేళ్ళ కింద పొదుగు మెత్తబడింది. తర్వాత సర్రున ధార. నేను నమ్మలేక ఆగిపోయాను. నేను ఆగితే లచ్చి కూడా ఆపింది. మళ్ళీ అందుకుంటే మళ్ళీ ధార. ఆ రోజు గెట్ త్రూ అనేసరికి బక్కెట నిండి నురగ అంచు దాటింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, ఇదేం విడ్డూరమే, దీనికి దొరల భాష కావాల్సొచ్చిందా అని బుగ్గలు నొక్కుకుంది.

ఇక అప్పటి నుంచి ఏడాది పొడుగునా, ఎండాకాలం, ముసురు, చలి, నా బడి లచ్చి పొట్ట కిందే. వరస తప్పితే చెవులు రిక్కించేది. ఒక మాట మరిచి ముందుకు పోతే కాలు కదిపేది. చిన్న హెచ్చరిక అది, రెండోసారి మరిస్తే తన్నే. ఇప్పుడు నా మనవరాలు ఫోన్‌లో రోజూ ఇంగ్లీషు నేర్పే ఆట ఆడుతుంది. తప్పు చెబితే ఎర్రగా వెలుగుతుంది, ఒప్పు చెబితే చప్పట్లు వినిపిస్తాయి. మా లచ్చి ఒక్కనాడూ చప్పట్లు కొట్టలేదు. పిల్లకు రోజుకు ఇరవై మాటలు వస్తాయి, మర్నాటికి పది పోతాయి, పోతే ఏమవుతుంది, ఏమీ కాదు. నాకు ఒక్క మాట పోతే ఒక బక్కెట పాలు పోయేవి. పేదరికం గొప్పదని నేను అనను, ఆ పొగలో కళ్ళు మండిన నాకు ఆ భ్రమ లేదు. కానీ అవసరం పడి నేర్చుకున్న మాట ఎముకలో ఉండిపోతుంది. బాపు ఆ ఏడాదంతా లాంతరు పట్టుకుని నా వెనకే తచ్చాడేవాడు. గడ్డి సరిచేస్తున్నట్టు, పగ్గం చూస్తున్నట్టు. నేను పాలు ఒలకబోస్తానేమోనని కాపలా కాస్తున్నాడనుకుని ఇంకా మండిపడేదాన్ని.

రెండో పిలుపు మంచి చలికాలంలో వచ్చింది. ఈసారి రాత పరీక్ష లేదు, గొంతు పరీక్ష ఒక్కటే. రెండు రోజుల ముందు నుంచి టీచరమ్మ తన ఇంట్లో తలుపు చాటున నిలబడి ఆఫీసరులా మాట్లాడుతూ నాతో జవాబులు చెప్పించింది. పొద్దున చలిలో లచ్చికి పాఠం, సాయంత్రం తలుపుకు పాఠం. పరీక్ష ముందటి సాయంత్రానికి నా గొంతు బొంగురు పోయి గాలి తప్ప మాట రావడం లేదు. టీచరమ్మ నా గొంతు తడిమి చూసి, వేడినీళ్ళు తాగించి, మెడకు ఉన్ని గుడ్డ చుట్టి, రేపు ఆ ఫోను చెవిన పెట్టుకునేదాకా ఒక్క అక్షరం కూడా మాట్లాడకూడదని నాతో ఒట్టేయించుకుంది. మాట్లాడావా, ఉన్న కాస్తా పోతుంది, వాళ్ళు గొంతు చూసే ఉద్యోగం ఇస్తారు, ఇంకేమీ చూడరు అంది. నేను తలూపి ఇంటికొచ్చాక, కొట్టంలో లచ్చి కనబడ్డాక, అప్పుడు గుర్తొచ్చింది. రేపు పొద్దున లచ్చికి ఎవరు చెబుతారు?

తెల్లారి నాలుగింటికి లేచి ముందు నోట్‌బుక్కు కోసం చూశాను. నోటితో అనకపోయినా కళ్ళతోనైనా ఒకసారి తిరగేసుకుందామని. తలగడ కింద లేదు. గూట్లో లేదు. పెట్టెలు దించాను, బొంతలు దులిపాను, అమ్మను సైగలతో అడిగాను. ఏడాది కష్టమంతా అందులోనే ఉన్నట్టు వెతికినచోటే మళ్ళీ వెతికాను. చప్పుడు చేయకుండా ఏడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. కానీ అవతల లచ్చి అరుస్తోంది. రాత్రంతా నిండి పొదుగు రాయిలా బిగిసి ఉంది. ఆ పూట పాలు తియ్యకపోతే పొదుగు వాచి చన్ను చెడిపోతుంది. చన్ను చెడిన బర్రెను కటికోడు తప్ప ఎవరూ కొనరు. నోరు మూసుకుని కూర్చుని వేళ్ళకు ఆముదం రాసుకుని పిండటం మొదలుపెట్టాను. చుక్క లేదు. దూడను విడిచాం, దూడ గుద్దీ గుద్దీ అలసిపోయింది. అమ్మ తౌడు పెట్టింది, తినేసి మళ్ళీ బిగబట్టింది. లచ్చి మెడ తిప్పి నా మొహంలోకే చూస్తోంది. నువ్వు చెప్పాల్సింది చెప్పవేం అని అడుగుతున్నట్టే ఉంది ఆ చూపు.

గొంతు పోతే పోనీ, ఉద్యోగం లేకపోతే లేదు, లచ్చిని చంపుకోలేను అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఇప్పుడు మంచిదాన్ననిపించుకోవడానికి చెప్పడం లేదు. నోరు తెరిచాను. అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది.

"నోరు తెర్వకు బిడ్డా," అన్నాడు బాపు. "నువ్వు పిండు. నేను జెప్త."

లాంతరు తీసుకుని లచ్చి మెడ దగ్గర, తౌడు పెట్టె పక్కన, నాకు వీపు కనబడేలా గొంతుక్కూర్చున్నాడు. దగ్గి గొంతు సవరించుకున్నాడు. గెట్ అప్ లేచుట, అన్నాడు. గెట్ ఆన్ ఎక్కుట. గెట్ ఓవర్ తేరుకొనుట. నేను లాగినచోట లాగుతూ, నేను ఆగినచోట ఆగుతూ, నా వరసే, నా రాగమే. ఆయన చదివింది నిజాం కాలంలో నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. స్పీక్ అప్‌ను ఇస్పీక్ అప్ అన్నాడు, స్టాండ్ బైని ఇస్టాండ్ బై అన్నాడు. లచ్చి చెవులు రెండూ నిక్కబొడిచింది. పుట్ కుటుంబం సగంలోకి వచ్చేసరికి నా వేళ్ళ కింద మెత్తబడింది. చేపింది. లచ్చి బాపు ఇంగ్లీషుకు చేపింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నా కన్నీళ్ళు బక్కెటలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని పిండాను. ఆయన ఒక్క మాట తప్పలేదు, ఒక్క మాట వదల్లేదు. గెట్ త్రూ అనేసి, బీడీ ముట్టించుకుని, టైమైతాంది, తానం చెయ్యి పో అన్నాడు. ఏడాదంతా వెనకాల తచ్చాడి విన్నాడు కదా, వినీ వినీ వచ్చేసిందనుకున్నాను.

పరీక్షలో అదే గది, అదే నల్ల ఫోను, అదే గుమాస్తా. నన్ను గుర్తుపట్టి ముందే పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాడు. ఫోను ఎత్తగానే ఆఫీసరు హోల్డ్ ఆన్ అన్నాడు. ఐ యామ్ హోల్డింగ్ ఆన్ సర్, అన్నాను. గొంతు కాస్త బరువుగా ఉన్నా నిండుగా వచ్చింది, నాకే కొత్తగా ఉంది. ఆయన కావాలని చాలాసేపు వదిలేశాడు. నేను కదలకుండా కూర్చుని లోలోపల లచ్చికి చెప్పుకుంటున్నాను. గో అహెడ్ అన్నప్పుడు కుర్చీలోంచి అంగుళం లేవలేదు, చెప్పాల్సిన నంబరు చెప్పాను. మాట్లాడుతుంటే మధ్యలో లైను కట్ ఆఫ్ అయిందని ఒక పెద్దమనిషి అరుస్తున్నాడు, ఏం చేస్తావు అన్నాడు. ప్లీజ్ డోంట్ హ్యాంగ్ అప్ సర్, ఐ విల్ పుట్ యూ త్రూ అగెయిన్, అన్నాను. తర్వాత ఆయనే లేచి ఈ గదిలోకి వచ్చి, ఈ ఏడాదిలో ఏ కాలేజీలో చేరావమ్మా అని తెలుగులో అడిగాడు. బర్రెల కొట్టంలో సార్ అన్నాను. గుమాస్తా నవ్వాడు, ఆఫీసరు నవ్వాడు, ఈసారి అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. టీచరమ్మ మోకాళ్ళ నొప్పులతోనే మా గల్లీ చివరిదాకా నడిచొచ్చి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుంది. అమ్మ లచ్చి నుదుట పసుపూ కుంకుమా పెట్టి బెల్లం తినిపించింది. బాపు మాత్రం కాగితాన్ని చేత్తో నిమిరి, మంచిగయింది అని, తౌడు కలపడానికి లేచిపోయాడు.

నేను పై ఊళ్ళ కాల్స్ రాసుకునే ట్రంకు బుకింగులో కూర్చున్న మొదటి వారంలో మా సెక్షన్‌లో ఒక లొల్లి. ఎవరో మనిషి రోజూ ఫోన్ చేసి, ఆపరేటరు గొంతు వినగానే, నువ్వు గాదమ్మా అని పెట్టేస్తున్నాడట. నాలుగో రోజు ఆ కాల్ నాకే వచ్చింది. నంబర్ ప్లీజ్ అన్నాను. అవతల స్టేషన్ దగ్గరి మందుల దుకాణం చప్పుళ్ళు, ఒక దగ్గు. హోల్డ్ ఆన్, అన్నాడు బాపు. అన్నాక ఇంకేమీ మాట్లాడకుండా నా గొంతు కోసం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. సూపర్‌వైజరు వస్తోందని నేనే పెట్టేశాను. ఇంత జరిగినా నా మొండితనం పోలేదు సుమా. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఈనాటికీ ఎక్కడ నలుగురు కూర్చున్నా, మా బాపుకు నా మీద నమ్మకం లేదు, ఒక్కసారి పో, మల్ల అడగకు అన్నాడు, పట్టుదలతో సాధించాను అనే చెప్పుకొచ్చాను. అలా చెబితే నా గొప్ప ఇంకాస్త పెరిగేది.

జల్‌పల్లిలో దొరికిన నోట్‌బుక్కు తిరగేస్తే, నేనెప్పుడూ తిప్పి చూడని వెనక అట్ట వైపు నుంచి పది పన్నెండు పేజీలు ఉర్దూ అక్షరాలు కనిపించాయి. వంకరటింకరగా, పడిపోయేట్టు ఉన్న రాత. బర్రెల మందులేవో రాసుకుని ఉంటాడు, పారెయ్యమన్నాడు అన్న. నేను పారెయ్యలేదు. యాకుత్‌పురా స్టేషన్ దగ్గర సలీం భాయ్ దర్జీ దుకాణం ఇంకా ఉంది. చిన్నప్పుడు మా పాలు తాగి పెరిగిన మనిషి, ఇప్పుడు గడ్డం మొత్తం తెల్లబడింది. మిషన్ ఆపి, అద్దాలు పైకి జరిపి, నోట్‌బుక్కును దూరంగా పెట్టి చూశాడు. ఎవరో ఎడం చేత్తో రాసినట్టుందమ్మా అన్నాడు. తర్వాత పెదాలు కదిపి చదువుకుని, నా వంక వింతగా చూశాడు.

"ఉర్దూ కాదమ్మా ఇది," అన్నాడు. "హర్ఫులు, అంటే అక్షరాలు ఉర్దూవి, లఫ్జులు, అంటే మాటలు అంగ్రేజీవి. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఓవర్... మొత్తం ఇట్లనే ఉన్నది."

చదవమన్నాను. ప్రతి మాట పక్కనా బాపు అర్థం కూడా రాసుకున్నాడు. నేను చెప్పే తెలుగు అర్థం, దాని కింద తన సొంత అర్థం, రెండూ ఉర్దూ అక్షరాల్లోనే. గెట్ అప్, నాలుగింటికి యాదమ్మ. లుక్ ఆఫ్టర్, లచ్చి. పుట్ అప్ విత్, నా బావమరిది. టర్న్ డౌన్, నవ్విన ఆఫీసరు. సలీం భాయ్ అక్కడ ఆగి నవ్వాడు, నేనూ నవ్వాను. హోల్డ్ ఆన్ దగ్గర మాత్రం రెండు గీతలు కొట్టి, కొంచెం పొడుగ్గా రాశాడు. చేత్తో పట్టుకునుడు కాదు, ఆగుడు, బిడ్డకు గుర్తుచెయ్యాలె. అది విన్నాక నాకు నవ్వు రాలేదు. వరండా బెంచీ మీద కూర్చున్న ఆయన మొహం కళ్ళ ముందుకొచ్చింది.

ఆయన వినీ వినీ నేర్చుకోలేదు. బిగియని కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో ఒక్కొక్కటీ రాసుకుని నేర్చుకున్నాడు. ఏదో ఒకనాడు నా బదులు లచ్చి దగ్గర కూర్చోవలసి వస్తుందని, అప్పుడు నేను పోగలగాలని, ఎప్పటి నుంచో తయారై ఉన్నాడు. ఆ పొద్దున లాంతరు వెలుగులో నాకు వీపు పెట్టి ఎందుకు కూర్చున్నాడో ఇప్పుడు తెలిసింది. నేను ఇల్లంతా వెతికిన నోట్‌బుక్కు ఆయన మోకాళ్ళ మీద ఉంది. నేను స్నానానికి పోయాక పక్కనున్న తౌడు పెట్టెలో రేకు కింద దాచేశాడు. మళ్ళీ ఎందుకు బయటికి తీయలేదో నాకు తెలియదు. దొంగతనం నాకు చెప్పడానికి సిగ్గుపడి ఉంటాడు.

ఆఖరి మాట ఏముందో చూడమన్నాను. సలీం భాయ్ పేజీ తిప్పాడు. గెట్ త్రూ ఉందమ్మా అన్నాడు.

"అర్థం ఏం రాసిండు?"

"అర్థం రాయలేదు. పేరు రాసిండు, అంతే. యాదమ్మ అని."

నేను పరీక్షకు పోవడానికి ఇంకా బస్సు కూడా ఎక్కలేదు. బాపు అప్పటికే రాసిపెట్టాడు.